ఆదివారం పంచాయితీ

చావు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతే ఎవరైనా సంతోషిస్తారు. గీతాంజలీ సంతోషించింది, అబద్ధమెందుకు. తండ్రి ఆదినారాయణప్పను చక్రాల కుర్చీలో ఆసుపత్రి బయటికి తోసుకొచ్చి ఆటో ఎక్కించిన రోజు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఎదురొచ్చిన ఆయాలకూ వాచ్‌మన్‌కూ అడక్కుండానే చేతిలో ఇంత పెట్టింది. మడివాళలో ఇల్లు చేరారు. ముసలాయన మంచం మీద చేరగిలబడి, కాఫీ తాగి, మూతి తుడుచుకుని, "నా పాసుబుక్కు యాడ పెట్టినావు పాపా?" అని అడిగాడు. ఆమె సంతోషం అంతవరకే.

పాసుబుక్కు ఉంది. అందులో డబ్బే లేదు.

ఆదినారాయణప్పకు ఒకప్పుడు చిక్కపేటలో చీరల అంగడి ఉండేది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, మెట్లెక్కి వచ్చే మనిషి చెప్పులు చూసి ఎంతలో కొంటుందో చెప్పేసేవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. భార్య పోయి, మోకాళ్ళు మొరాయించాక అంగడి వేరేవాళ్ళకు అప్పగించి, వచ్చిన డబ్బు బ్యాంకులో వేసి, కూతురి ఇంటికి వచ్చేశాడు. కొడుకులు లేరని కాదు, ఇద్దరున్నారు. పెద్దవాడు పిల్లప్ప బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చిన్నవాడు చైతుకు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. పిల్లప్ప ఇంట్లో మెట్లెక్కువ, చైతు ఇంట్లో మనుషులుండే వేళలు తక్కువ. తండ్రిని పెట్టుకోలేకపోవడానికి వాళ్ళు చెప్పిన కారణాలివి. గీతాంజలికి చెప్పుకోవడానికి ఏ కారణమూ దొరకలేదు. మొగుడు పోయినప్పటి నుంచీ మేడమీద గదుల్లో ఉద్యోగాల ఆడపిల్లలను పెట్టుకుని, రెండు పూటలా వాళ్ళకు వండిపెట్టి బతుకుతోంది. "అంతమందికి వండేదానివి, నాయనకు ఒక రాగిముద్ద ఎక్కువ కెలకడం కష్టమా అక్కా?" అన్నారు తమ్ముళ్ళు. అలా ఆ ముద్ద ఆమె వంతుకు వచ్చింది.

బ్యాంకుల చుట్టూ తిరగలేనని ముసలాయన ఖాతాలో కూతురి పేరు కూడా చేర్పించాడు. ఇద్దరిలో ఎవరైనా తీయవచ్చు. గీతాంజలి ఆయన మందులకూ కళ్ళద్దాలకూ తప్ప ఏనాడూ తీయలేదు. తన గ్యాసు సిలిండరు అయిపోయిన రోజు కూడా అటు చూడలేదు.

పోయిన వానాకాలంలో ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. డాక్టర్లు పెదవి విరిచారు. ఒక సాయంత్రం ఆయన కళ్ళు తెరిచి పిల్లలు ముగ్గురినీ మంచం దగ్గరికి పిలిచాడు.

"బ్యాంకులో ఉండేదంతా తమ్ముళ్ళిద్దరికీ సమానంగా ఏసెయ్ పాపా. నా ఊపిరి ఉండంగానే ఏసెయ్. నేను పోతే బ్యాంకోళ్ళు తాళం ఏసుకుంటారు. నీకంటావా, పెండ్లిలోనే పెట్టేసినా."

అని, నీళ్ళు పొయ్యమన్నాడు. చేతిమీదుగా నీళ్ళు వదలకుండా ఇచ్చింది దానం కాదని ఆయన పట్టుదల. అక్కడ తులసీ లేదు, రాగిచెంబూ లేదు, మంచం పక్కన ప్లాస్టిక్ బాటిలు ఉంది. గీతాంజలే మూత తీసి పోసింది. నీళ్ళు ఆయన వేళ్ళ మీదుగా జారి తమ్ముళ్ళ దోసిళ్ళలో కొన్ని, దుప్పటి మీద కొన్ని పడ్డాయి. నర్సు పరుగెత్తుకొచ్చి పక్కంతా తడిపారని కోప్పడింది. పిల్లప్ప ఏడ్చాడు. చైతూ ఏడ్చాడు, ఏడుస్తూనే తన అకౌంటు నంబరు అక్క ఫోనుకు పంపాడు.

తనకు డబ్బు రాలేదని కాదు గాని, పోయేముందు తన గురించి ఒక మంచి మాటైనా అనలేదే అని గీతాంజలికి గుండెలో కలుక్కుమంది. పోయే మనిషి మీద అలగడమేమిటని దాన్ని దిగమింగుకుని, చెప్పింది చెప్పినట్టు చేసేసింది. కొంత ఫోనులోంచి, మిగిలింది మర్నాడు బ్యాంకుకు వెళ్ళి. ఆమె బ్యాంకు నుంచి తిరిగి వచ్చేసరికి ముసలాయన కంటికి తేట వచ్చింది. ఇంకొన్నాళ్ళకు జావ తాగాడు. ఆ తరువాత జావలో ఉప్పు చాల్లేదన్నాడు.

ఇప్పుడు పాసుబుక్కు అడుగుతున్నాడు.

"నువ్వే చెప్పినావు కదా నాయనా, తమ్ముళ్ళకు ఏసెయ్యమని. ఏసేసినా."

"నేనా? ఎప్పుడు?"

"ఆస్పత్రిలో. నీళ్ళు కూడా పోయించినావు."

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూసి, మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నాకేమీ జ్ఞాపకం లేదు పాపా. నా డబ్బు నువ్వు తీసినావు, అంతే నాకు తెలిసింది," అన్నాడు.

గీతాంజలి గాబరాపడి తమ్ముళ్ళకు ఫోన్ చేసింది. మందుల మత్తులో అన్నది ఆయన మరిచిపోయాడని, మనిషి బతికాడు కాబట్టి డబ్బు ఆయనకు తిరిగి వేసెయ్యమని చెప్పింది.

"ధారపోసింది మల్లా తీసుకుంటే దత్తాపహారం కదక్కా," అన్నాడు పిల్లప్ప, గొంతులో బోలెడు భక్తితో. "ఈ వయసులో నాయనకు అంత పాపం మనమే చుట్టొచ్చునా?"

ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడాన్ని మించిన పాపం లేదని వాళ్ళకు నూరిపోసింది ఆదినారాయణప్పే. చీర బాగాలేదని ఎవరైనా వాపసు తెస్తే తీసుకునేవాడు గాని, దాంతో ఊరికే ఇచ్చిన రవికగుడ్డను మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఆ పాఠం కొడుకులకు ఇప్పుడు బాగా అక్కరకొచ్చింది.

చైతు దగ్గర పాపపుణ్యాల మాటే రాలేదు. "అక్కా, ఆ అమౌంట్‌తో నేను హోమ్ లోన్ క్లోజ్ చేసేసినా. టెక్నికల్లీ ఇట్స్ గాన్," అన్నాడు.

ఆ వారమే ముసలాయన పెద్దక్కకు కబురు పెట్టాడు. పెద్దక్క ఆయనకు తోబుట్టువు. తమ్ముడికీ, తమ్ముడి పిల్లలకీ, చిక్కపేట వీధిలో బండ్లు లాగే హమాలీలకీ కూడా ఆమె పెద్దక్కే. చదువు రాదు, తీర్పు చెప్పడం వచ్చు. ఆదివారం పొద్దున పిల్లప్ప ఆమెను కారులో తీసుకొచ్చాడు. వెనకే చైతూ వచ్చాడు. పెద్దక్క హాల్లో కుర్చీ మధ్యకు జరిపించుకుని కూర్చుంది.

"ఏమే గీతా, కన్నతండ్రి గాలి ఆడక కొట్టుకుంటా ఉంటే నువ్వు బ్యాంకుకు పోయొచ్చినావంటనే?"

గీతాంజలి తమ్ముళ్ళ వైపు చూసింది. ఇద్దరూ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. "చెప్పండప్పా," అంది. పిల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

"పోనీలే పెద్దక్కా. అక్కకు ఏమి అక్కర వచ్చిందో ఏమో. ఒంటి ఆడమనిషి. మేమైతే అడిగేది లేదు. నాయన కూడా మనసులో పెట్టుకోవద్దు."

తీసుకున్నవాడు తీసుకోనిదాన్ని క్షమించేశాడు! గీతాంజలి లోపలికి పోయి, బ్యాంకులో అచ్చు తీయించుకొచ్చిన కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఎవరి ఖాతాకు ఎంత పోయిందో అందులో పేర్లతో సహా ఉంది. ఆయన దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు.

"కండ్లు అలుక్కుపోతాయి పాపా. నాకు ఏమీ కనపడదు."

"కాగితం ఎవురైనా రాస్తారు," అంది పెద్దక్క. చైతు లేచి, "అక్కా, ప్లీజ్, ఇప్పుడు ఇదంతా ఎందుకు," అంటూ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. ఆ తరువాత అందరూ అన్నాలు తిన్నారు. వండింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. దొంగసొత్తుతో వండిన కూర అని ఎవరూ ఒక ముక్క తగ్గించి తినలేదు.

తీర్పు తేలలేదు కాబట్టి పై ఆదివారానికి వాయిదా పడింది. ఆపై ఆదివారమూ తేలలేదు. అలా ఆదివారం వస్తే పంచాయితీ అనేది ఆ ఇంట్లో ఒక వాడుకైపోయింది. పిల్లప్ప పెళ్ళాం పిల్లలతో, పెద్దక్కతో దిగేవాడు. చైతు కమలాపళ్ళ సంచీతో వచ్చేవాడు. అక్కను ఒంటరిగా తండ్రి దగ్గర వదిలిపెడితే ఏం చెప్పేస్తుందోనని వాళ్ళ భయం వాళ్ళది. ముసలాయన తెల్లవారగానే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండా కుర్చీలో గేటుకేసి చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళొచ్చాక ముందు మనవళ్ళ చదువులు అడిగేవాడు, తరువాత పిల్లప్ప ఫ్యాక్టరీ సంగతులు, తరువాత చైతు జీతం. అన్నీ అయ్యాక, అప్పుడే గుర్తొచ్చినట్టు, "నా డబ్బు సంగతి ఏమి చేసినారు?" అనేవాడు. అందరూ గీతాంజలి వైపు తిరిగేవాళ్ళు.

మొదట్లో ఆమె పోట్లాడింది. తరువాత ఏడ్చింది. ఆ తరువాత రెండూ మానేసి, పంచాయితీ జరుగుతుండగానే ముద్ద కెలుక్కుంటూ వంటింట్లోనే ఉండిపోయేది. పోట్లాటకూ ఓపిక కావాలి. పొద్దున లేచింది మొదలు మేడమీది పిల్లల టిఫిన్లు, ముసలాయన స్నానం, మందులు, మధ్యాహ్నం మార్కెట్టు, సాయంత్రం మళ్ళీ పొయ్యి. ఇన్నింటి మధ్య దొంగనని కూడా అనిపించుకోవడానికి ఆమెకు నిజంగానే తీరిక లేదు.

కాని మాట గడప దాటింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. పక్కింటి ఓబులమ్మ ఊరికి పోయినప్పుడల్లా ఇంటి తాళంచెవి గీతాంజలికే ఇచ్చేది. ఈసారి వీధి చివర కొబ్బరికాయల అంగడిలో ఇచ్చి పోయింది. అది తెలిసిన రోజు గీతాంజలికి అన్నం సయించలేదు. సొత్తు లేదు, మొగుడు లేడు, పిల్లల్లేరు. ఈ వీధిలో ఆమెకు ఉన్నదల్లా నమ్మకస్తురాలన్న పేరు ఒక్కటే. ఎవరి తాళాలు, ఎవరి చీటీ డబ్బులు, ఎవరి పిల్లల ఫీజులు ఆమె చేతిలో పెట్టినా భద్రం అనేవాళ్ళు. ఆ పేరును కన్నతండ్రే వారం వారం కుర్చీలో కూర్చుని కొంచెం కొంచెంగా గీకేస్తున్నాడు.

మేడమీద ఉండే ఫర్హానా ఒక లాయరు ఆఫీసులో పనిచేస్తుంది. కర్నూలు పిల్ల. ప్లేటు పెట్టడానికి వంటింట్లోకి వచ్చి, గీతాంజలి ముఖం చూసి అడిగితే సంగతంతా బయటికొచ్చింది. రెండు రోజుల తరువాత ఆ పిల్ల మళ్ళీ వచ్చి గడప మీద కూర్చుంది.

"ఆంటీ, మా సార్‌ను అడిగాను. చచ్చిపోతాననుకుని ఇచ్చిన గిఫ్ట్ అయితే, మనిషి రికవర్ అయ్యాక వెనక్కి అడగొచ్చంట. మీ బ్రదర్స్ రిటర్న్ చెయ్యాల్సిందే అన్నారు. కాకపోతే అడగాల్సింది తాతగారు. నేను ఇచ్చాను, ఇప్పుడు నాకు కావాలి అని ఆయనే చెప్పాలి."

గీతాంజలి ఆ మాట పట్టుకుని తండ్రి దగ్గరికి పోయింది. "ఒక్క మాట నువ్వు అడిగితే చాలంట నాయనా. వాళ్ళు ఇయ్యాల్సిందేనంట."

"నేను ఇయ్యనే లేదే, ఏమని అడగాల?" అన్నాడు ఆయన.

ఆమెకు విసుగు నెత్తికెక్కింది. సోమవారం పొద్దున వంట తెమిల్చి, ఆయనకు చొక్కా తొడిగి, ఆటో పిలిచి బ్యాంకుకు తీసుకుపోయింది. కాగితమంటే కళ్ళు కనపడవు, చెవులైతే ఉన్నాయి. మేనేజరు ఖాతా తెరిచి, ఎవరి పేరుకు ఎంత పోయిందో కన్నడంలో గట్టిగా చదివి వినిపిస్తాడు. ఆ మాట ఆయనకు దారిలోనే చెప్పేసింది.

టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నారు. గోడ మీద నంబర్లు మారుతున్నాయి. ముసలాయన చేతికర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు. తమ వంతు దగ్గర పడుతుండగా కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"పోదాం పా పాపా."

"ఎందుకు?"

"గాలి ఆడడంలే."

"ఫ్యాను మన నెత్తిమీదే ఉండాది నాయనా. కూర్చో."

ఆయన తలెత్తి ఫ్యానుకేసి చూశాడు. తరువాత మణికట్టు వదలకుండానే గొంతు తగ్గించి అన్నాడు. "పిల్లప్పది, చైతుది పేర్లు ఇంతమంది ముందర చదివిస్తావా? పరువు పోదా?"

గీతాంజలి చప్పున ఆయన వైపు తిరిగింది. ఆయన అప్పటికే తల దించుకున్నాడు. చిక్కపేటలో ఏనాడూ బేరంలో మాట జారని మనిషి, బ్యాంకు బెంచీ మీద కొడుకుల కోసం జారాడు.

"నీకు జ్ఞాపకం ఉండాది," అంది.

"ఉండాది."

"మొత్తం?"

"ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో కూడా జ్ఞాపకం ఉండాది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ జనం చెక్కులు నింపుకుంటున్నారు. ఆయనే నెమ్మదిగా మాట్లాడసాగాడు, చీర మడతలు విప్పి చూపించినంత నిదానంగా.

"ఇంటికొచ్చినాక చూసుకుంటే చేతిలో కాసు లేదు. ఇచ్చినానని ఒప్పుకుంటే మల్లా అడగరాదు, పాపం. పాపమైనా సరేనని అడిగినాననుకో, వాళ్ళు లేదంటారు. నా కొడుకులు నాకు తెలీదా? లేదన్నాక ఏ మొగం పెట్టుకొని నా ఎదురుగా వస్తారు? ఇంక రారు. నిన్ను అన్నాననుకో, నువ్వు ఏడుస్తావు, తిడతావు, అయినా ముద్ద పెడతావు. నిన్ను దొంగంటే నాకు నువ్వూ ఉంటావు, వాళ్ళూ వస్తారు. వాళ్ళను దొంగలంటే వాళ్ళు పోతారు పాపా."

"అంటే, దీన్ని ఏమన్నా పడుంటాదని."

"ఊ," అన్నాడు ఆయన. కాదనైనా అనలేదు.

బోర్డు మీద వాళ్ళ నంబరు వచ్చింది. గార్డు కేక వేశాడు. ఇద్దరూ లేవలేదు. నంబరు మారిపోయింది. గీతాంజలికి ఏడుపు రాలేదు, అలసట మాత్రం ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళూ తండ్రికి మతి పోయిందనుకుంటే కాస్త ఓదార్పుగా ఉండేది. మతి పోయినవాడు ఏమన్నా తుడిచేసుకోవచ్చు. మతి ఉండి అన్నాడంటే, ముగ్గురు పిల్లలనూ తూకం వేసి, ఏమన్నా తనను వదిలి పోనిది ఎవరో లెక్క చూసుకుని అన్నాడన్నమాట.

"ఈ ఆదివారం అందరి ముందర నీ నోటితో చెప్పాల," అంది లేస్తూ. "లేదంటే సోమవారం మళ్ళీ ఇదే బెంచీ."

ఆయన తలూపాడు.

ఆదివారం అందరూ వచ్చారు. ఆదినారాయణప్ప ఆ రోజు మనవళ్ళ చదువులు అడగలేదు. పెద్దక్క కూర్చోగానే చెప్పేశాడు. "డబ్బు గీత తీయలేదు. నేనే పిల్లోళ్ళిద్దరికీ ఇచ్చినా. నా చేత్తో నీళ్ళు వదిలినా. నాకు బాగా జ్ఞాపకం ఉండాది."

"ఎవురు చెప్పించినారు ఈ మాట?" అంది పెద్దక్క అనుమానంగా.

"ఎవురూ చెప్పించలే. నీ మీద ఒట్టు."

తమ్ముళ్ళ ముఖాలు మాడతాయని గీతాంజలి అనుకుంది. మాడలేదు. పిల్లప్ప నిట్టూర్చి నిటారుగా కూర్చున్నాడు. "అదీ! నాయనే ఒప్పుకున్నాడు. ఆయన ఇచ్చినాడు, మేము తీసుకున్నాం. ధారపోసినాక ఇంక మాటే లేదు."

"సో, దట్స్ క్లియర్," అన్నాడు చైతు.

పెద్దక్క వాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసింది. "మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకోని ఉన్నారురా? సరే, ముసిలోనికి ఇప్పుడెట్ల? మందులకెట్ల?"

"అక్క ఉంది కదా," అన్నాడు పిల్లప్ప. మంత్లీ ఏదో ఒకటి వర్కౌట్ చేద్దామన్నాడు చైతు, ఫోను చూసుకుంటూ. పెద్దక్క గీతాంజలిని దగ్గరికి పిలిచి, చెంప నిమిరి, "తప్పయింది మే," అంది. ఆ ఒక్క మాటకు గీతాంజలికి ఇన్నాళ్ళ ఏడుపూ తన్నుకొచ్చింది. తమ్ముళ్ళు తొందరగా తినేసి వెళ్ళిపోయారు.

మాట ఈసారి కూడా గడప దాటింది. ఓబులమ్మ తనే వచ్చి, ఊరి నుంచి తెచ్చిన శనక్కాయలు పెట్టి, ఏమీ ఎరగనట్టు కబుర్లు చెప్పి పోయింది. ఆ వారమంతా గీతాంజలి మార్కెట్టులో తల ఎత్తుకుని నడిచింది, కూరగాయలు గట్టిగా బేరం చేసింది. తన పేరు తనకు వచ్చేసింది.

పై ఆదివారం ముసలాయన గడ్డం గీయించుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. పిల్లప్పకు షిఫ్టు మారిందట. చైతు ఊళ్ళో లేడట. కారు రాలేదు కాబట్టి పెద్దక్కా రాలేదు. ఆపై ఆదివారం ఏ కారణమూ చెప్పలేదు. ఆపై ఆదివారం ఫోన్ ఎత్తలేదు. తేలిపోయిన పంచాయితీకి ఎవరొస్తారు? అడగడానికి ఏమీ లేదు, దాచడానికీ ఏమీ లేదు. మిగిలింది ముసలాయన మందుల ఖర్చు ఒక్కటే, దాని దరిదాపుల్లోకి రావడానికి వాళ్ళేమైనా పిచ్చివాళ్ళా.

అయినా ఆయన ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా అడిగేవాడు. మధ్యాహ్నం దాకా గేటుకేసి చూసి, తరువాత లోపలికి వచ్చి సగం ముద్ద తిని, చెయ్యి కడిగేసుకునేవాడు. నేను అప్పుడే చెప్పలేదా అని ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే గీతాంజలి జన్మకు సరిపడా తిట్టి ఉండేది. అనకపోవడంతో ఆ తిట్లన్నీ ఆమె దగ్గరే ఉండిపోయాయి. కూతురిగా తనది న్యాయమే. ఆ న్యాయం ఆయనకు కొడుకులను లేకుండా చేసింది. రెండూ నిజాలే. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని వంట చేయడం ఆమెకు రోజురోజుకూ కష్టమైంది. తండ్రి మీద కోపం పోలేదు. జాలీ పోలేదు. జాలి ఎక్కువై కాదు గాని, ఆ కుర్చీలో ఆ చొక్కాను ఇంకో ఆదివారం చూసే ఓపిక లేక, ఒక సాయంత్రం పిల్లప్ప నంబరు మళ్ళీ నొక్కింది. ఎత్తేదాకా నొక్కింది.

"పిల్లప్పా, నాయన మళ్ళీ మొదలుపెట్టినాడప్పా."

"ఏమని?"

"మీకు ఇచ్చింది మర్చిపోయినాడు. మళ్ళీ నేనే తీసినానంటాడు. పొద్దున ఓబులమ్మను కూర్చోబెట్టుకోని అదే చెప్పినాడు. బ్యాంకుకు పోదాం, మేనేజరుతో పేర్లు చదివిద్దాం అంటా ఉండాడు."

"బ్యాంకుకా? ఒద్దొద్దు, నువ్వు ఎక్కడికీ తీసకపోవద్దక్కా. పాపం, వయసైంది కదా. ఆదివారం మేమొస్తాం. చైతుకు నేను చెప్తా. పెద్దక్కను కూడా తీసకొస్తా. కూర్చోని మాట్లాడదాం."

ఫోను పెట్టేసి తిరిగేసరికి ఆదినారాయణప్ప కర్ర పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. "పాపా," అన్నాడు.

"ఏమీ మాట్లాడొద్దు నాయనా," అంది గీతాంజలి, ఆయన వైపు చూడకుండా. "ఆదివారం నన్ను అనేటప్పుడు మాత్రం గట్టిగా అను. పెద్దక్కకు చెవులు సరిగ్గా వినపడవు."

అని, మేడమీది పిల్లల కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది.